డబ్బా మీద రెండో వరుస చదవండి: డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్‌కు ఇంజిన్ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి?

రాయ్‌పూర్ రైల్వే లైనుకు ఒక పక్క పాత నగరం, రెండో పక్క గుఢియారీ. ఛత్తీస్‌గఢ్ రాజధానికి కిరాణా సరుకు దిగే హోల్‌సేల్ మార్కెట్లలో ఇదొకటి. సరుకు ఉన్నచోట లారీలుంటాయి. లారీలున్నచోట మెకానిక్ షెడ్లు, టైర్ల కొట్లు, ఆయిల్ దుకాణాలు ఉంటాయి. భారతదేశంలో ఎక్కడైనా లారీల లోకానికి అలవాటైన ఇంజిన్ ఆయిల్ ఒకటే: 15డబ్ల్యూ-40. హిందీ కౌంటర్లలో దాన్ని ‘పంద్రా-చాలీస్’ అంటారు. ‘డీజిల్ బండికి ఆయిల్ కావాలి’ అని అడిగితే మొదట చేతికొచ్చేది సాధారణంగా అదే.

చాలాకాలం ఆ జవాబులో తప్పేమీ లేదు. లారీకైనా, పాత మహీంద్రా జీపుకైనా, బొలెరోకైనా అదే ఆయిల్ పనిచేసింది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో లెక్క మారింది. ఇప్పుడు థార్, స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, వీ-క్రాస్, గూర్ఖా వంటి డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి యజమాని పాత అలవాటు ప్రకారం ఆయిల్ పోయిస్తే ఇంజిన్ ఆ రోజే ఆగిపోదు. నెలల తరబడి మామూలుగానే నడుస్తుంది. నష్టం మరోచోట, పొగగొట్టం దారిలో, నిశ్శబ్దంగా పేరుకుంటుంది. బయటపడేసరికి బిల్లు ఆయిల్ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

రాయ్‌పూర్, భిలాయిల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయం మరింత దగ్గరిది. సొంతూరికి వెళ్లే దారుల్లో ఒకటైన 30వ నంబరు జాతీయ రహదారి ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగ్దల్‌పూర్, సుక్మా, కుంట మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దాకా సాగుతుంది. ఎండ, దుమ్ము, ఘాట్, వాన, అడవి దారి అన్నీ ఒకే ప్రయాణంలో ఎదురవుతాయి. దారిలో ఆయిల్ తక్కువైతే ఏది దొరికితే అది పోయాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది.

మొదటి వరుస: చిక్కదనం

ఆయిల్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 వంటి అంకెలు ఎస్‌ఏఈ సంస్థ నిర్ణయించిన చిక్కదనపు గ్రేడ్లు. ‘డబ్ల్యూ’ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. గీత తర్వాతి అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని సూచిస్తుంది. 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 గ్రేడ్ అంటే 12.5 నుంచి 16.3 లోపు.

ఈ లెక్కన చూస్తే రాయ్‌పూర్ చలికి 15డబ్ల్యూ సరిపోదని ఎవరూ అనలేరు. ఛత్తీస్‌గఢ్‌లో చలి గట్టిగా ఉండే అంబికాపూర్, మైన్‌పాట్ ప్రాంతాల్లోనూ ఉష్ణోగ్రత 15డబ్ల్యూ పరీక్ష హద్దుకు దరిదాపుల్లోకి రాదు. మరి కంపెనీలు 5డబ్ల్యూ, 0డబ్ల్యూ ఆయిళ్లను ఎందుకు సూచిస్తున్నాయి? తెల్లవారి సెల్ఫ్ కొట్టిన మొదటి క్షణాల్లో ఆయిల్ టర్బో దాకా, పై భాగంలోని క్యామ్‌షాఫ్ట్ దాకా త్వరగా చేరాలన్నది ఒక కారణం. పల్చటి ఆయిల్‌ను తిప్పడానికి ఇంజిన్ తక్కువ శక్తి ఖర్చు చేస్తుంది కాబట్టి మైలేజీ రెండో కారణం. మూడోది, బీఎస్-6 బండ్లకు కావలసిన రసాయన ప్రమాణాలున్న కార్ల ఆయిళ్లు ఎక్కువగా ఈ గ్రేడ్లలోనే తయారవుతున్నాయి.

‘మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది, చిక్కటి ఆయిలే మంచిది’ అన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. ఇంజిన్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ అదుపులో ఉంచుతాయి. బయట 25 డిగ్రీలున్నా 45 డిగ్రీలున్నా, మామూలు నడకలో ఆయిల్ ఉష్ణోగ్రత 100 డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంది. దాన్ని నిజంగా పెంచేది భారం. నిండు లోడుతో ఘాట్ ఎక్కడం, ట్రాలీ లాగడం, ఇసుకలోనో బురదలోనో లో-రేంజ్‌లో గంటల తరబడి నడపడం వంటివి అన్నమాట.

అలాంటి భారంలో ఆయిల్ పొర తెగకుండా నిలుస్తుందా లేదా అన్నది చెప్పే కొలత వేరే ఉంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగే స్థితిలో మిగిలే చిక్కదనాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 15డబ్ల్యూ-40కి ఇది కనీసం 3.7 మిల్లీపాస్కల్ సెకన్లు ఉండాలి. మామూలు 30 గ్రేడ్‌కు 2.9 ఉన్నా చాలు. అయితే యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ నిర్ణయించిన ‘సీ3’ ప్రమాణం ఉన్న 5డబ్ల్యూ-30 ఆయిల్‌కు కనీసం 3.5 ఉండాలి. అంటే 30 అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి ఆయిలూ నీళ్లలాంటిది కాదు. రెండు 5డబ్ల్యూ-30 డబ్బాల మధ్య ఇంత తేడా ఉండొచ్చు. పెద్ద అంకెలు మాత్రమే చూస్తే ఆ తేడా కనిపించదు.

రెండో వరుస: బూడిద లెక్క

అసలు నిర్ణయం జరగాల్సింది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే ప్రమాణాల దగ్గర. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ పేరుతో సీహెచ్-4, సీఐ-4, సీకే-4 అనీ, ఏసీఈఏ పేరుతో ఏ3/బీ4, సీ2, సీ3 అనీ, జపాన్ సంస్థ జేఏఎస్‌ఓ పేరుతో డీఎల్-1 అనీ రాసి ఉంటుంది. ఈ అక్షరాల వెనకున్న ముఖ్య విషయం బూడిద.

పాత రోజుల్లో డీజిల్‌లో గంధకం ఎక్కువగా ఉండేది. బీఎస్-3 డీజిల్‌లో పది లక్షల భాగాలకు 350 భాగాల దాకా, బీఎస్-4లో 50 దాకా అనుమతి ఉండేది. బీఎస్-6లో అది 10కి తగ్గింది. గంధకం మండితే ఆమ్లాలు పుడతాయి. వాటిని విరిచేందుకు ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం వంటి లోహాలున్న క్షార రసాయనాలు దండిగా కలిపేవారు. ఇంజిన్ కొద్దికొద్దిగా ఆయిల్‌ను మండించినప్పుడు ఆ లోహాలు బూడిదగా మిగులుతాయి. పాత బండ్లలో ఆ బూడిద పొగగొట్టం నుంచి బయటికి పోయేది.

బీఎస్-6 డీజిల్ బండ్లలో దాదాపు అన్నింటికీ పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. అది మసిని పట్టుకుంటుంది. జల్లెడ నిండగానే ఇంజిన్ కంప్యూటర్ అదనపు డీజిల్ వాడి, వేడిని 600 డిగ్రీల ప్రాంతానికి పెంచి మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. మసి కార్బన్ కాబట్టి కాలిపోతుంది. ఆయిల్ నుంచి వచ్చిన లోహపు బూడిద కాలదు. జల్లెడ గదుల్లో అలాగే ఉండిపోతుంది.

చిన్న లెక్క వేసుకుంటే తేడా తెలుస్తుంది. ఒక ఇంజిన్ 10,000 కి.మీ.కు ఒక లీటరు ఆయిల్ తాగుతుందనుకుందాం. లీటరు బరువు సుమారు 860 గ్రాములు. బూడిద 1.5 శాతం ఉన్న ఆయిల్ అయితే దాదాపు 13 గ్రాములు, 0.8 శాతం ఉన్నదైతే దాదాపు 7 గ్రాములు మిగులుతుంది. లక్ష కి.మీ. తిరిగేసరికి ఒక బండి జల్లెడలో సుమారు 130 గ్రాములు, మరో బండిలో 70 గ్రాముల దాకా చేరవచ్చు. బూడిద పెరిగేకొద్దీ మసికి చోటు తగ్గుతుంది. రీజనరేషన్లు దగ్గరదగ్గరగా వస్తాయి, మైలేజీ పడిపోతుంది, చివరికి బండి శక్తి తగ్గించుకుని హెచ్చరిక లైటు వెలిగిస్తుంది. అప్పటికి జల్లెడ విప్పి శుభ్రం చేయడమో, మార్చడమో తప్ప మిగిలేది తక్కువ.

ఏ3/బీ4 ఆయిళ్లలో బూడిద 1.0 నుంచి 1.6 శాతం దాకా ఉండొచ్చు. సీ2, సీ3లలో గరిష్ఠంగా 0.8 శాతం. జపాన్ డీఎల్-1లో 0.6 శాతం. 2016 డిసెంబరులో వచ్చిన సీకే-4లో 1.0 శాతం. సీకే-4 ప్రధానంగా భారీ వాహనాల కోసం రూపొందిన ప్రమాణం. డీపీఎఫ్ ఉన్న లారీలకు అది సరిపోయినా, కారు మాన్యువల్ సీ3 అడిగినప్పుడు దానికి సమానం కాదు. భాస్వరం, బూడిద హద్దులు రెండింటికీ వేర్వేరు. సీకే-4తో పాటే వచ్చిన ఎఫ్ఏ-4 మరీ పల్చటిది, కొన్ని ప్రత్యేక లారీ ఇంజిన్ల కోసమే ఉద్దేశించినది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు.

ఏ బండికి ఏది?

మొదట చూడాల్సింది బండి ఏ తరానిదన్నది. ఆర్‌సీలో గానీ, వాహన్ పోర్టల్ వివరాల్లో గానీ ఉద్గార ప్రమాణం కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారికి ఇది మరీ ముఖ్యం. బయటికి ఒకేలా కనిపించే రెండు బండ్లలో ఒకటి బీఎస్-4, ఇంకొకటి బీఎస్-6 కావచ్చు.

పాత జీపులు, డీపీఎఫ్ లేని బీఎస్-3, బీఎస్-4 డీజిళ్లు అయితే సీఐ-4 లేదా సీకే-4 ఉన్న 15డబ్ల్యూ-40 చాలావరకు సరైన ఎంపికే. ఈ ఇంజిన్లు మసిని ఎక్కువగా ఆయిల్‌లోకి వదులుతాయి. ఆ మసిని గడ్డకట్టకుండా మోసే గుణం ఈ లారీ తరహా ఆయిళ్లకు బాగా ఉంటుంది. ఖరీదైన ఆయిల్ పోయడం కంటే సమయానికి మార్చడమే వీటికి మేలు. కొన్ని బీఎస్-4 బండ్లకు కంపెనీలు 5డబ్ల్యూ-30 సూచించాయి. అక్కడ మాన్యువల్‌నే అనుసరించాలి.

డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 బండికి మాత్రం మాన్యువల్‌లో రాసిన గ్రేడ్, ప్రమాణం రెండూ కలవాల్సిందే. 5డబ్ల్యూ-30 అని కలిసి, సీ3 అన్నది కలవకపోతే అది సరైన ఆయిల్ కాదు. మాన్యువల్ ఒకటికి మించి గ్రేడ్లు అనుమతిస్తే, అప్పుడు వాడకాన్ని బట్టి ఎంచుకోవచ్చు. ఎక్కువగా ఘాట్‌లు ఎక్కేవారు, ట్రాలీ లాగేవారు అనుమతించినవాటిలో హెచ్‌టీహెచ్‌ఎస్ ఎక్కువ ఉన్నదానివైపు మొగ్గడం సబబు. కొన్ని ఇంజిన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. అలాంటి వాటిలో కంపెనీ చెప్పిన ప్రమాణం తప్పితే బెల్టే దెబ్బతినే ప్రమాదం ఉంది.

‘ఫుల్లీ సింథటిక్’ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త అవసరం. ముడి చమురును బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్-3 ఆయిల్‌ను సింథటిక్ అని పిలవవచ్చా అన్న వివాదం అమెరికాలో 1999లో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ముందుకు వెళ్లింది. పిలవవచ్చని అది తేల్చింది. అప్పటి నుంచి ఆ మాట వ్యాపార పదంగా స్థిరపడింది. అది ఆయిల్ నాణ్యత గురించి కొంత చెబుతుంది గానీ, బండికి సరిపోతుందా లేదా అన్నది చెప్పదు. బ్రాండ్ విషయమూ అంతే. సర్వో, మాక్, హెచ్‌పీ, కాస్ట్రాల్, షెల్, మోబిల్, గల్ఫ్, మోటుల్ అన్నీ పలు ప్రమాణాల్లో ఆయిళ్లు అమ్ముతాయి. ఒకే బ్రాండ్‌లో ఒక డబ్బా సరైనది, పక్క డబ్బా కానిది కావచ్చు.

ఎప్పుడు మార్చాలి?

చాలా కంపెనీలు 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. కానీ ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకు కిలోమీటర్లు పూర్తి కథ చెప్పవు. హైవే మీద గంటకు సగటున 60 కి.మీ. వేగంతో 10,000 కి.మీ. తిరిగితే ఇంజిన్ సుమారు 167 గంటలు పనిచేసినట్టు. నగర ట్రాఫిక్, మట్టి దారుల్లో సగటు 20 కి.మీ. అయితే అదే దూరానికి 500 గంటలు. మీటరు ఒకటే చూపిస్తుంది, ఆయిల్ పడిన కష్టం మూడింతలు.

దానికి దుమ్ము తోడవుతుంది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల చుట్టుపక్కల, మట్టి రోడ్లపై తిరిగే బండ్లలో ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండుతుంది. ఫిల్టర్ అంచు సరిగా కూర్చోకపోతే సన్నటి ఇసుక లోపలికి చేరి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ఎంత మంచి ఆయిలైనా ఇసుకను ఆపలేదు. ఇంజిన్ తొందరగా బోరుకు రాకుండా ఉండాలంటే ఆయిల్‌పై పెట్టే శ్రద్ధలో సగం ఎయిర్ ఫిల్టర్ మీదా పెట్టాలి. మాన్యువళ్లలో ‘తీవ్ర పరిస్థితులు’ అన్న పేరుతో తక్కువ విరామం సూచించే పట్టిక ఉంటుంది. దుమ్ము, తరచూ చిన్న దూరాలు, లోడు, ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచడం దాని కిందికే వస్తాయి.

బీఎస్-6 బండ్లలో కొత్తగా గమనించాల్సింది ఒకటుంది. రీజనరేషన్ కోసం చల్లిన అదనపు డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. రోజూ రెండు, మూడు కి.మీ. మాత్రమే తిరిగే బండిలో రీజనరేషన్ మధ్యలోనే ఆగిపోతూ, డీజిల్ చేరిక పెరుగుతుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కనిపిస్తే సంతోషించకూడదు. పైగీత దాటితే ఆయిల్ మార్చాలి. వారానికోసారి అరగంట పాటు హైవేపై నిలకడగా నడిపితే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది.

ఆయిల్ నల్లబడిందని మాత్రం కంగారు పడనవసరం లేదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని మోస్తోందనడానికి అదే గుర్తు. పాలు కలిసిన టీ రంగులోకి మారితేనే ప్రమాదం, అది నీరు చేరిందని చెబుతుంది.

ఇంజిన్ ఒక్కటే కాదు

ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ఆయిల్ ఉండే చోట్లు ఇంకా ఉన్నాయి. గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక డిఫరెన్షియళ్లు, అంటే డ్రైవర్లు హౌసింగ్ అనేవి, వేటికవే వేరు. డిఫరెన్షియళ్లకు సాధారణంగా జీఎల్-5 రకం గేర్ ఆయిల్ వాడతారు. కొన్ని మాన్యువల్ గేర్ బాక్సులకు జీఎల్-4 కావాలి. జీఎల్-5లోని రసాయనాలు వాటి ఇత్తడి సింక్రోనైజర్ రింగులకు పడకపోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసుల్లో కొన్ని గేర్ ఆయిల్‌తో, కొన్ని ఆటోమేటిక్ గేర్ బాక్సు ఆయిల్‌తో నడుస్తాయి.

వానాకాలంలో వాగు దాటినప్పుడు వేడిగా ఉన్న డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లబడి, గాలి గొట్టం గుండా నీటిని లోపలికి పీల్చుకునే అవకాశముంది. లోతైన నీళ్లలో దిగిన ప్రతిసారీ తర్వాత ఆ ఆయిల్‌ను చూపించుకోవాలి. ఇంజిన్‌లోకి నీరు వెళ్లిందన్న అనుమానముంటే సెల్ఫ్ కొట్టకూడదు. నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

దారిలో, దుకాణంలో

ప్రయాణంలో ఎర్రటి ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయాలి. మట్టం చూసి, తక్కువుంటే పోయాలి. సరైన ప్రమాణం దొరక్కపోతే? ఆయిల్ చాలకుండా నడపడం కంటే దగ్గరి గ్రేడ్‌లో దొరికిన డీజిల్ ఇంజిన్ ఆయిల్ అర లీటరో, లీటరో పోసి వెళ్లడమే నయం. ఊరు చేరాక మొత్తం మార్పించుకోవచ్చు. దూర ప్రయాణానికి ముందే సరైన ఆయిల్ లీటరు డబ్బా ఒకటి బండిలో పెట్టుకుంటే ఈ ఇబ్బందే ఉండదు. లైటు ఆరకపోతే లోపం ఆయిల్ తగ్గడం కాదు. అప్పుడు బండిని లాగించుకుని వెళ్లాల్సిందే.

దుకాణంలో సీలు, మూతపై ముద్ర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, క్యూఆర్ కోడ్ ఉంటే దాని వివరాలు చూడాలి. నకిలీ ఆయిళ్లు ఎక్కువగా అసలు ఖాళీ డబ్బాల్లోనే తిరిగొస్తాయి. కాబట్టి మార్పించుకున్నాక ఖాళీ డబ్బాను పొడిచిగానీ, కోసిగానీ పారేయడం మంచిది. డ్రమ్ములోంచి విడిగా కొలిచి పోసే ఆయిల్ బీఎస్-6 బండికి వద్దు. అందులో ఏముందో నిర్ధారించుకునే దారి కొనేవారికి లేదు.

బిల్లు తప్పక తీసుకోవాలి. దానిపై గ్రేడ్, ప్రమాణం రాయించుకోవాలి. బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దనే నిబంధన పెట్టకూడదని, ఆ పనిలో లోపం వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల కేసులో ఆదేశించింది. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి. వివాదం వచ్చినప్పుడు యజమాని చేతిలో ఉండే బలమైన ఆధారం సరైన ఆయిల్ పోసినట్టు చూపే కాగితమే.

తీసేసిన పాత ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. ఒక్కో బండి నుంచి ఐదు నుంచి ఎనిమిది లీటర్ల దాకా వస్తుంది. దాన్ని మురుగు కాలువలో పోయకుండా సేకరించి శుద్ధికి పంపే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఉత్పత్తిదారులపై కూడా పెట్టారు. ఆయిల్ మార్చే చోటును ఎంచుకునేటప్పుడు పాతది ఎక్కడికి పోతుందని ఒక్క మాట అడగడం యజమాని వంతు.